నీచ చంద్రుడు, కేమద్రుమం, చతుర్దశి: పాప జాతకం చూసి కంగారు పడాలా?

మీ పాప 2025 జూన్ 10 తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో పుట్టింది. అనూరాధ నక్షత్రం, వృశ్చిక రాశి. సాఫ్ట్‌వేర్ తీసిన జాతకంలో నీచ చంద్రుడు (చంద్రుడు తనకు బలం బాగా తగ్గే రాశిలో ఉండటం), కేమద్రుమ యోగం (చంద్రుడికి ముందు, వెనక రాశుల్లో గ్రహాలు లేకపోవడం), చతుర్దశి జననం అని మూడు దోషాలు చూపించింది. అది చూసినాయన పెద్ద శాంతి చేయించమన్నారు. మీ టెన్షన్ అదే కదా. నాది జ్యోతిష్యం వృత్తి కాదండి. మా మేనమామ పక్కన కూర్చుని నేర్చుకున్నది, చుట్టాల జాతకాలు చూస్తూ వంటబట్టించుకున్నది, అంతే. శాస్త్రం ఏం చెబుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను, నమ్మకం మీ ఇష్టం.

ముందు చతుర్దశి సంగతి తేల్చేద్దాం. జనన శాంతి చెప్పింది బహుళ చతుర్దశికి, అంటే అమావాస్య ముందు తిథికి. మీ పాపది జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి, అదే రోజు పొద్దెక్కాక పౌర్ణమి వచ్చేసింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకైతే సబబుగా అనిపించలేదు. ఈ ఒక్క ముక్క ఆయన్నే అడిగి చూడండి.

ఇక నీచ. చంద్రుడు నెలకోసారి వృశ్చికంలోకి వచ్చి సుమారు రెండుంపావు రోజులు ఉంటాడు. ఆ రోజుల్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ చంద్రుడు నీచే. అంటే వృశ్చిక రాశి వాళ్లందరూ ఆ లెక్కలోకి వస్తారు. అందుకే మా మామయ్య కాగితం మీద చక్రం వేయకముందే తిథి రాసుకునేవారు. మిగతా గ్రహాల సంగతి ఎలా ఉన్నా, చంద్రుడికి వెలుగే బలం అనేవారు. దాన్నే పక్షబలం అంటారు.

లెక్క చాలా సులువు, మీరే వేసుకోవచ్చు. పాప పుట్టినప్పుడు రవి వృషభంలో 25 డిగ్రీల దగ్గర, చంద్రుడు వృశ్చికంలో 10 డిగ్రీల దగ్గర. మధ్య దూరం 165 డిగ్రీలు. దాన్ని మూడుతో భాగిస్తే 55. నిండు పౌర్ణమికి వచ్చేది 60. ఇప్పుడు ఉచ్చబలం, అంటే నీచ స్థానానికి ఎంత దూరంలో ఉన్నాడన్న దాన్ని బట్టి వచ్చే బలం చూడండి. నీచ స్థానం వృశ్చికంలో 3వ డిగ్రీ, పాప చంద్రుడు అక్కడికి 7 డిగ్రీల దూరం. మూడుతో భాగిస్తే రెండున్నర కూడా రాదు. నిజమే, ఆ ఖాతాలో దాదాపు సున్నా. కానీ పక్క ఖాతాలో 60కి 55 ఉందన్న మాట మీకెవరూ చెప్పలేదు! పైగా షడ్బలంలో, అంటే గ్రహానికి ఆరు రకాల బలాలు కలిపి వేసే లెక్కలో, చంద్రుడి పక్షబలాన్ని రెట్టింపు చేసే పద్ధతి కూడా ఉంది. మీ రిపోర్టులో 110 దగ్గర అంకె కనిపిస్తే అది అదే. మొత్తం షడ్బలంలో చంద్రుడికి కావాల్సింది 360, అంటే 60 ఒక రూపం చొప్పున 6 రూపాలు. చివరి వరసలో ఆ మొత్తం దాటాడో లేదో చూసుకోండి.

అదే కార్తీక అమావాస్య నాడు వృశ్చికంలో పుడితే కథ వేరు. నీచకి నీచ, వెలుగూ లేదు. ఇంకో చిత్రం ఏంటంటే, వైశాఖ అమావాస్య నాటి చంద్రుడు ఉచ్చలో, అంటే తనకు బాగా బలమిచ్చే వృషభంలో ఉన్నా పక్షబలం శూన్యం. ఉచ్చ అని చూడగానే మనవాళ్లు మురిసిపోతారు, తిథి మాత్రం ఎవరూ అడగరు.

మా ఇంట్లోనే చూడండి. మా చెల్లెలిది విశాఖ 4వ పాదం, పరమ నీచ డిగ్రీ పడేది సరిగ్గా ఆ పాదంలోనే. ఒక పెళ్లి సంబంధం వాళ్లు చంద్రుడు నీచైతే మనోబలం ఉండదంటూ ఆ మాట మీదే వెనక్కి వెళ్లారు. కానీ అది వైశాఖ పౌర్ణమి, పైగా ఆ పాదానికి నవాంశ (రాశిని తొమ్మిది భాగాలు చేసి చూసే లెక్క) కర్కాటకం, చంద్రుడి సొంత ఇల్లు. చెల్లెలు ఇప్పుడు ఇద్దరు పిల్లలతో, ఉద్యోగంతో నిబ్బరంగానే ఉంది. ఇంట్లో చీటికీ మాటికీ హడలిపోయేది మా అమ్మ. ఆవిడది పుష్యమి, చంద్రుడు స్వక్షేత్రంలోనే, కాకపోతే ఆషాఢ అమావాస్య. ఇద్దరి జాతకాలతో సూత్రం కట్టలేం అనుకోండి, అయినా మామయ్య ఈ రెండూ పక్కపక్కన పెట్టి నాకు పాఠం చెప్పారు.

కేమద్రుమం గురించి రెండు మాటలు. చంద్రుడికి అటూ ఇటూ ధనుస్సు, తుల ఖాళీ, అందుకే సాఫ్ట్‌వేర్ అలా రాసేసింది. కానీ కుజుడు సింహంలో ఉన్నాడు, అంటే చంద్రుడికి పదో ఇల్లు. చంద్రుడికి కేంద్రంలో (1, 4, 7, 10 ఇళ్లలో) గ్రహం ఉంటే కేమద్రుమ భంగం, అంటే ఆ దోషం పోయినట్టే అంటారు. ఆ కుజుడే వృశ్చికానికి అధిపతి, అక్కడి నుంచి నాలుగో దృష్టితో చంద్రుణ్ణి చూస్తున్నాడు కూడా. నీచభంగానికి, అంటే నీచ దోషం పోవడానికి చెప్పే నియమాల్లో అది ముఖ్యమైనది. ఒకే గ్రహంతో రెండు దోషాలకూ జవాబు దొరికింది.

నేనైతే శాంతి కంటే ముందు పుట్టిన టైమ్ సరిచూసుకోమంటాను. మన ప్రాంతంలో ఆ రోజు ఇంచుమించు నాలుగు గంటల దగ్గరే మేష లగ్నం (లగ్నం అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి) ముగిసి వృషభం మొదలవుతుంది. మేషమైతే చంద్రుడు ఎనిమిదో ఇంట్లో, వృషభమైతే ఏడో ఇంట్లో, కేంద్రంలో. కొద్ది నిమిషాల తేడాతో మొత్తం మారిపోతుంది. ఇంట్లో ఎవరో గడియారం చూసి చెప్పిన టైమ్ కాకుండా, ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో ఏముందో చూడండి. ఆ టైమూ, ఊరి పేరూ ఇక్కడ పెడితే లగ్నం నేనే వేసి చెబుతాను. అంతకు మించి ఫలితాలు మాత్రం అడగకండి. పన్నెండేళ్లు నిండని పిల్లలకు జాతకం చెప్పకూడదని మామయ్య పట్టుదల, నేనూ అదే పాటిస్తున్నాను.