పాఠకుల ప్రశ్నలు: నాచు నుంచి డీజిల్ తీస్తే లాభమా?

ప్రశ్న: మాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. వైరస్ దెబ్బకు రెండెకరాల చెరువును ఖాళీగా వదిలేశాం. నీటిలో పెరిగే నాచు నుంచి డీజిల్ తీయవచ్చనీ, నూనెగింజల పంటలకన్నా ఎన్నో రెట్లు దిగుబడి ఉంటుందనీ విన్నాం. ఎకరాకు ఎంత ఇంధనం వస్తుంది? పెట్టుబడి పెట్టవచ్చా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నాచు నుంచి డీజిల్ వస్తుంది, అందులో సందేహం లేదు. మీ చెరువు నీటికి పచ్చరంగు తెచ్చే సూక్ష్మ శైవలాలు ఎండనూ కార్బన్ డయాక్సైడ్‌నూ వాడుకుని పెరుగుతాయి, తమ కణాల్లో కొంత నూనెను నిల్వ చేసుకుంటాయి. ఆ నూనెను మిథనాల్‌తో చర్య జరిపిస్తే పామాయిల్ నుంచి తయారయ్యే బయోడీజిల్ వంటిదే వస్తుంది. నేల నుంచి మనం తోడుకుంటున్న ముడిచమురు కూడా చాలావరకు కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో బతికిన ఇలాంటి సూక్ష్మజీవుల అవశేషమే. అయితే పెట్టుబడి పెట్టే ముందు మీరు చూడవలసింది దిగుబడి లెక్క. దాన్ని ఎకరాకు వేసి చూద్దాం.

అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 వరకు ఈ విషయం మీదే ఒక పెద్ద పరిశోధన పథకాన్ని నడిపింది. దేశం నలుమూలల నుంచి 3,000కు పైగా శైవల రకాలను సేకరించి, వాటిలో మెరుగైనవి సుమారు 300 ఎంపిక చేశారు. న్యూ మెక్సికో రాష్ట్రంలోని రాస్వెల్ దగ్గర వెయ్యేసి చదరపు మీటర్ల చెరువులు రెండు కట్టి ఆరుబయట పెంచి చూశారు. కొన్ని రోజుల్లో చదరపు మీటరుకు 50 గ్రాముల ఎండు నాచు వచ్చిన మాట నిజమే కానీ, అక్కడి చలి వల్ల మొత్తం మీద సగటు రోజుకు 10 గ్రాముల దగ్గరే ఆగింది. ప్రచార పత్రాల్లో మీకు కనిపించేది ఆ 50 గ్రాముల లెక్క. మన ఎండలకు 10 కన్నా ఎక్కువే రావచ్చు. అయినా ఆరుబయట నిజంగా కొలిచిన సగటు కాబట్టి దాన్నే తీసుకుందాం.

ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. రోజుకు 40 కిలోల ఎండు నాచు వస్తుంది. అందులో పావువంతు నూనె అనుకుంటే 10 కిలోలు, అంటే 11 లీటర్లు. ఏడాదికి మూడున్నర టన్నుల పైమాటే. మీ జిల్లాలోనే మంచి యాజమాన్యం ఉన్న ఆయిల్‌పామ్ తోట ఎకరాకు సుమారు ఒకటిన్నర టన్నుల నూనె ఇస్తుంది కాబట్టి, నాచుది రెట్టింపు కన్నా ఎక్కువన్న మాట అబద్ధం కాదు. చిక్కంతా ఆ నూనెను నీటి నుంచి బయటికి తీయడంలో ఉంది.

ఇలాంటి చెరువులో లీటరు నీటికి అర గ్రాము నాచు ఉంటే బాగా చిక్కగా ఉన్నట్టు. 40 కిలోలు పట్టుకోవాలంటే రోజుకు 80,000 లీటర్ల నీటిని వడకట్టాలి. కణం పరిమాణం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు కనుక మామూలు వలా గుడ్డా దాన్ని ఆపలేవు. పటిక వంటిది వేసి కణాలను గడ్డకట్టించి, తరువాత నీటిని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పాలి. అంత చేసినా చేతికి వచ్చేది నూటికి 80 పాళ్లు నీళ్లున్న ముద్దే: 40 కిలోల నాచుతో పాటు 160 కిలోల నీరు. దాన్ని వేడితో ఆవిరి చేయడానికి కనీసం 360 మెగాజౌళ్ల శక్తి కావాలి. మీకు దక్కే 10 కిలోల నూనెను మండిస్తే వచ్చేది సుమారు 370 మెగాజౌళ్లు. ఆరబెట్టడానికే అంతా సరిపోయింది. మోటార్ల కరెంటు ఖర్చు, నీటిని తిప్పే చక్రాల ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. ఎండబెట్టవచ్చు కదా అంటారేమో. పోషకాహారంగా అమ్మే స్పిరులినా నాచును కొన్నిచోట్ల అలాగే ఎండబెడతారు, కానీ అది గ్రాముల లెక్కన అమ్ముడయ్యే సరుకు. ఇంధనానికి కావలసిన పరిమాణంలో ఎండబెట్టడానికి కళ్లాలు చాలవు, వానాకాలంలో పని నిలిచిపోతుంది, ఆలస్యమైతే నూనె ముక్కిపోతుంది.

ఎరువు సంగతి కూడా చూడండి. ఎండు నాచులో నత్రజని నూటికి 7 పాళ్ల వరకు ఉంటుంది. వాడిన నత్రజనిని తిరిగి చెరువుకు మళ్లించకపోతే రోజుకు 6 కిలోల యూరియా, ఏడాదికి 50 బస్తాలకు దగ్గరగా ఒక్క ఎకరాకు పడుతుంది. యూరియా తయారయ్యేది సహజవాయువు నుంచి. శిలాజ ఇంధనాన్ని మానడానికి శిలాజ ఇంధనాన్నే చెరువులో పోయడం ఏ రకంగానూ సమంజసం కాదు.

ఇక మీకు నా కన్నా బాగా తెలిసిన సమస్య ఒకటుంది. బ్లూమ్, అంటే చెరువులో దట్టంగా పెరిగిన నాచు, ఒక్కసారిగా పడిపోయి, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి రొయ్యలు గట్ల వెంబడి తేలడం మీరు చూసే ఉంటారు. నాచు సాగులోనూ అదే జరుగుతుంది. ప్రయోగశాలలో ఎంచి తెచ్చిన రకాన్ని వదిలితే కొంతకాలానికి స్థానిక రకం దాన్ని తోసేసి చెరువంతా ఆక్రమించడం రాస్వెల్ పథకంలో పనిచేసినవారికి పదే పదే ఎదురైంది.

కాబట్టి ఇంధనం కోసమని ఈ చెరువులో పెట్టుబడి పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. నాచు విత్తనం ఇస్తాం, నూనె మేమే కొంటాం అంటూ ఎవరైనా ముందస్తు సొమ్ము అడిగితే అసలే ఇవ్వకండి. బయోడీజిల్ కోసమని జట్రోఫా మొక్కలు నాటి, గింజలు కొనేవారు లేక పీకేసిన రైతులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

ప్రశ్న: ఎక్సాన్ మొబిల్ వంటి చమురు కంపెనీకి డబ్బుకు కొదవ లేదు. అలాంటి కంపెనీ కూడా నాచు ఇంధనం పరిశోధనను ఎందుకు వదిలేసింది? జన్యుమార్పిడితో నూనె పెంచలేరా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: పెంచారు. మానవ జన్యుక్రమ పరిశోధనలో పేరు పొందిన క్రెయిగ్ వెంటర్ స్థాపించిన సింథటిక్ జినోమిక్స్ సంస్థతో ఎక్సాన్ మొబిల్ 2009 జూలైలో ఒప్పందం చేసుకుని, 60 కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెడతామని ప్రకటించింది. 2017లో ఆ శాస్త్రవేత్తలు నానోక్లోరోప్సిస్ అనే శైవలంలో ఒక జన్యువు పనిని తగ్గించి, నూనె శాతాన్ని 20 నుంచి 40కి పైగా పెంచారు.

దాని విలువ తెలియాలంటే అంతకు ముందున్న చిక్కు తెలియాలి. శైవలానికి నత్రజని అందకుండా చేస్తే అది నూనెను ఎక్కువగా కూడబెట్టుకుంటుంది కానీ, అదే సమయంలో ఎదుగుదల ఆగిపోతుంది. శాతం పెరిగినా మొత్తం నూనె పెరగదు. ఈ సంగతి రాస్వెల్ రోజుల్లోనే తేలింది. ఎదుగుదలను పెద్దగా దెబ్బతీయకుండా నూనె పెంచగలిగారు కాబట్టి 2017 నాటి ఫలితం నిజమైన ముందడుగు. మరుసటి ఏడాది, 2025 నాటికి రోజుకు 10,000 పీపాలు తీయగల సాంకేతిక సామర్థ్యం సాధిస్తామని ఎక్సాన్ చెప్పింది. ప్రపంచం రోజుకు వాడే చమురు సుమారు 10 కోట్ల పీపాలు. ఆ లక్ష్యం నెరవేరి ఉన్నా పదివేలలో ఒక వంతు మాత్రమే. చివరికి అదీ నెరవేరకుండానే ఎక్సాన్ ఈ పరిశోధనకు నిధులు ఆపేసిందన్న వార్త 2023 తొలి నెలల్లో వచ్చింది.

జన్యువు మారినంత మాత్రాన పైన చెప్పిన నీరు, వడపోత, ఎరువు లెక్కలు మారవు. ఇది మొదటి కారణం. రెండోది నాకు మరింత బాధ కలిగించేది. అమెరికా పథకం చమురు సంక్షోభ కాలంలో మొదలై, చమురు చౌకగా ఉన్న 1996లో మూతపడింది. 2008 జూలైలో పీపా ధర 147 డాలర్లకు చేరడంతో మళ్లీ అందరికీ నాచు గుర్తుకొచ్చింది, ధర పడిపోయాక మళ్లీ మరుపున పడింది. జీవులతో ముడిపడిన పరిశోధనకు పదేళ్లు, ఇరవయ్యేళ్ల ఓపిక కావాలి. చమురు మార్కెట్ హెచ్చుతగ్గులను చూసి దానికి నిధులు ఇవ్వడం, ఆపడం తప్పని నా అభిప్రాయం. లాభం చూసుకోవలసిన కంపెనీ వెనక్కి తగ్గవచ్చు. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రయోగశాలలు తగ్గకూడదు.

పని పూర్తిగా ఆగలేదు కూడా. తడి ముద్దను ఆరబెట్టకుండా అలాగే 300 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో, అధిక పీడనంలో ఉంచి ముడిచమురు వంటి ద్రవంగా మార్చే పద్ధతిని అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల అభివృద్ధి చేసింది. ఆరబెట్టే ఖర్చును తప్పిస్తుంది కాబట్టి నాకు ఆశ కలిగించే మార్గాల్లో ఇది మొదటిది. ఆ ద్రవంలో మిగిలే నత్రజనిని తొలగించడం మాత్రం ఇంకా ఖర్చుతో కూడిన పనే.

ప్రశ్న: నాచు ఇంధనంతో విమానాలు, యుద్ధనౌకలు నడిచాయని చదివాను. అయినా అదీ మండితే పొగే కదా, పర్యావరణానికి ఏం మేలు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నాచు మండితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ కొన్ని రోజుల ముందు గాలి నుంచో ఫ్యాక్టరీ గొట్టం నుంచో అది పీల్చుకున్నదే. కిలో నాచు పెరగడానికి సుమారు 1.8 కిలోల వాయువు కావాలి. సాగుకూ శుద్ధికీ వాడే విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే ఈ మేలంతా హరించుకుపోతుంది.

2009 జనవరిలో కాంటినెంటల్ విమానయాన సంస్థ హ్యూస్టన్‌లో ఒక బోయింగ్ విమానం ఒక ఇంజన్‌లో నాచు, జట్రోఫా నూనెల నుంచి తీసిన ఇంధనాన్ని మామూలు విమాన ఇంధనంతో సగానికి సగం కలిపి నడిపి చూసింది. 2012 నాటి విన్యాసాల కోసం అమెరికా నౌకాదళం 4,50,000 గ్యాలన్ల జీవ ఇంధనం కొని 1.2 కోట్ల డాలర్లు చెల్లించింది. అంటే లీటరుకు 7 డాలర్లు. అందులో ఎక్కువ భాగం వాడిన వంటనూనె నుంచి తీసినది. నాచు నూనె ఇచ్చిన సోలజైమ్ కంపెనీ తన శైవలాలను ఎండలో కాకుండా చీకటి ట్యాంకుల్లో చక్కెర పోసి పెంచేది. ఆ చక్కెర కోసం చెరకు తోట కావాలి, నేల కావాలి. ఆ కంపెనీ తరువాత పేరు మార్చుకుని, 2017లో దివాలా తీసింది.

ప్రశ్న: హుస్సేన్‌సాగర్‌లో పేరుకునే నాచును ఇంధనానికి వాడవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అక్కడ వేసవిలో పచ్చరంగు వేసినట్టు తేలేది ఎక్కువగా మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ రకం. అందులో నూనె తక్కువ. పైగా కాలేయానికి హాని చేసే విషాన్ని అది విడుదల చేయగలదు, కాబట్టి ఎవరూ చేతులతో తీయకూడదు. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం దానికి ఆహారం కనుక, మురుగు చేరకుండా ఆపడమే మందు.

అయితే మురుగునూ నాచునూ సరస్సులో కాకుండా శుద్ధి కేంద్రంలో కలిపితే సంగతి వేరు. స్పెయిన్‌లోని చిక్లానా పట్టణంలో యూరోపియన్ యూనియన్ సహాయంతో అదే చేశారు. మురుగునీటిని లోతు తక్కువ చెరువుల్లో పారించి నాచు పెంచారు, నాచు నీటిని శుభ్రం చేసింది, పెరిగిన నాచును గాలి చొరబడని ట్యాంకుల్లో కుళ్లబెట్టి మీథేన్ తీసి దానితో కార్లు నడిపారు. నూనె తీయనక్కరలేదు, ఆరబెట్టనక్కరలేదు, యూరియా కొననక్కరలేదు. విస్తారమైన స్థలం మాత్రం కావాలి. సికింద్రాబాద్ నడిబొడ్డున అది దొరకదు కానీ, శుద్ధి కేంద్రం పక్కన బీడు భూమి ఉన్న చిన్న మున్సిపాలిటీలు ఒకటి రెండెకరాల్లో ప్రయత్నించి చూడదగ్గ పని ఇదేనని నా నమ్మకం.