తమ్ముడి పేరెత్తితే నాన్న ఊరుకోవడం లేదు

ప్రశ్న: తమ్ముడు యుద్ధవిమాన పైలట్. రెండేళ్ల కిందట శిక్షణ విమానం కూలి చనిపోయాడు. విచారణ నివేదికలో ‘మానవ తప్పిదం’ అని రాశారు. అప్పటి నుంచి నాన్న వాడి పేరెత్తనివ్వరు. ఫొటో కూడా తీసి బీరువాలో పెట్టేశారు. ‘యుద్ధంలో పోయినా బాగుండేది’ అని బంధువులంటే గుండె కోసినట్టుంటుంది. ఈ వర్ధంతికైనా తమ్ముణ్ని తలుచుకోవాలని అమ్మా నేనూ అనుకుంటున్నాం. నాన్నని ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ నాన్నగారిని తొలిచేస్తున్నవి నివేదికలోని ‘మానవ తప్పిదం’, బంధువులన్న ఆ మాట, ఈ రెండేనేమో అనిపిస్తోంది. ముందు వాటి సంగతి చెబుతాను.

మబ్బుల్లోకి వెళ్లిన పైలట్‌కి నేలా ఆకాశం కలిసే చోటు కనిపించదు. విమానం మెల్లగా ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్నా, కాసేపటికి తిన్నగానే వెళ్తున్నట్టు అనిపిస్తుంది. లోపలి చెవి చేసే మోసం అది. ఎదురుగా మీటర్లు ఒకటి చూపిస్తుంటాయి, ఒళ్లు ఇంకోటి చెబుతుంటుంది. వేల గంటలు ఎగిరినవాళ్లకీ ఇది జరుగుతుంది. నేలకి దగ్గర్లో ఉంటే తేరుకోవడానికి సెకన్లే మిగులుతాయి. ఇలాంటివి కూడా మానవ తప్పిదం కిందికే వస్తాయి. మీ తమ్ముడి విషయంలో ఇదే జరిగిందని నేను అనడం లేదు. ఆ మాటని నిర్లక్ష్యం అని మాత్రం చదువుకోకండి.

ఇక బంధువుల మాట. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి యూరీ గగారిన్ చనిపోయింది కూడా శిక్షణ విమానంలోనే. 1968 మార్చి 27న, రెండు సీట్ల మిగ్-15లో. అప్పటికి ఆయనకి 34 ఏళ్లు. వెంట ఉన్న ఇన్‌స్ట్రక్టర్ వ్లదీమిర్ సెర్యోగిన్ ఎంతో అనుభవం ఉన్నవాడు, ఆయన కూడా పోయారు. కారణం ఏమిటని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. అయినా గగారిన్ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆ ప్రమాదం కాదు కదా!

వర్ధంతికి నాన్న ఒప్పుకునే దాకా అమ్మ ఆగక్కర్లేదు. కొడుకుని తలుచుకునే హక్కు ఆమెకీ ఉంది. మీ తమ్ముడితో పనిచేసిన ఒకరిద్దరిని పిలవండి. ఇంట్లోవాళ్లు బాధపడతారేమోనని వాళ్లూ ఫోన్ చేయడానికి జంకుతుంటారు.

నాన్నగారికి నచ్చజెప్పబోకండి, ఏదైనా అడగండి. తమ్ముడి లాగ్‌బుక్ మీ దగ్గరుంటే తీయండి. ఎగిరిన ప్రతిసారీ తేదీ, ఏ విమానం, ఎంతసేపు అన్నది వరసగా రాసుంటుంది. మొదటి సోలో, అంటే తొలిసారి ఒక్కడే ఎగిరిన రోజు, రాసిన పేజీ దగ్గర ఆగి, ‘ఆ రోజు మీకు ఫోన్ చేసి ఏం చెప్పాడు నాన్నా?’ అని అడిగి చూడండి. నివేదికలో ఉన్నది ఒక్క రోజే. మిగతా రోజులన్నీ ఈ పుస్తకంలో ఉన్నాయి.

ఆయన నిద్ర, తిండి మానేసినా, ‘ఇంకెందుకు ఈ బతుకు’ అంటున్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. అలాంటిదేమీ లేకపోతే తొందరపెట్టొద్దు. పుస్తకం చూసి లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. దాన్ని మళ్లీ బీరువాలో పెట్టకుండా బల్ల మీదే ఉంచండి.