లావా నేల చూడాలంటే పంగిడి వెళ్ళండి

లావా పారి గడ్డకట్టిన నేలను పిల్లలకు చూపించాలి, తెలుగు నేల మీద అలాంటి చోటు ఉందా, వెళ్ళేంత విశేషం ఉంటుందా అని అడిగారు. ఉంది. రాజమండ్రి దగ్గర గోదావరి దాటి, కొవ్వూరు నుంచి దేవరపల్లి దారి పడితే పంగిడి వస్తుంది. మా అమ్మమ్మగారి ఊరు ఆ పక్కనే. చిన్నప్పుడు సెలవులన్నీ లావా మీదే గడిపానని డిగ్రీలో జియాలజీ చదివేదాకా నాకు తెలీదు. అప్పట్లో మాకది ఉత్త నల్లరాయి, కంకరకి తప్ప దేనికీ పనికిరాదు.

మామయ్య ఒక క్రషర్లో లెక్కలు రాసేవాడు. ఆయనకి క్యారేజీ ఇచ్చే వంకతో మేమూ వెళ్ళేవాళ్ళం. బ్లాస్టింగ్ అయ్యే వేళకి ఊళ్ళో గిన్నెలు గలగలలాడేవి, కోళ్ళు చెల్లాచెదురు. అమ్మమ్మ మాత్రం టైము చూసుకుని పొయ్యి మీద ఎసరు పెట్టేది.

మాకు ఇష్టమైనవి రెండు. ఒకటి ఉల్లిరాళ్ళు. క్వారీ పైఅంచున మెత్తబడిన మట్టిలో గుండ్రటి బండలుంటాయి. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడొస్తాయి, లోపల ఎక్కడో బంతంత గట్టి నల్లరాయి. ఎవరు ముందు ఆ బంతిని తీస్తే వాళ్ళు గెలిచినట్టు. నీళ్ళూ గాలీ తగిలి బసాల్టు, అంటే లావా గడ్డకట్టిన ఈ నల్లరాయి, మూలలు కరిగి అలా ఉల్లిపాయలా ఒలుస్తుందని చాలా ఏళ్ళకి తెలిసింది.

రెండోది నత్తరాయి. కొన్ని క్వారీల్లో గోడని నిదానంగా చూస్తే నలుపుకీ నలుపుకీ మధ్య తెల్లటి సున్నపురాయి పట్టీ కనిపిస్తుంది. అందులో గోరంత గుల్లలు, కొన్ని మర మేకులా మెలికలు తిరిగి ఉంటాయి. కింది లావా చల్లారాక ఇక్కడికి సముద్రపు నీళ్ళు వచ్చాయి, నత్తలు బతికాయి, మళ్ళీ పైనుంచి లావా కప్పేసింది. ఆ తెల్ల పట్టీ కథంతా అదే.

ఇంతకీ అగ్నిపర్వతం ఏదని మీ పిల్లలు అడుగుతారు, నేనూ అడిగాను. ఇక్కడ లేదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు నేల చీలి పొంగిన లావా, పాత నదీ లోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. రాక్షసబల్లులు అంతరించిన కాలం కూడా అదే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఈ రాజమండ్రి క్వారీల్లోని తెల్ల పట్టీలను పరిశీలించి, పెద్ద లావా ప్రవాహాలు ఆ అంతం జరిగిన సమయానికే ముగిశాయని 2008లో ప్రచురించింది. మేము మామిడికాయలు కొట్టడానికి విసిరిన రాళ్ళే అవి!

అందం కోసమైతే మాత్రం ఇక్కడికి రాకండి. దుమ్ము, టిప్పర్లు, గుంతలు. చెక్కినట్టున్న లావా స్తంభాలు కావాలంటే ఉడుపి దగ్గర మల్పె నుంచి పడవెక్కి సెయింట్ మేరీస్ దీవులకి వెళ్ళండి, ఫొటోలు బాగా వస్తాయి. కాకపోతే ఆ లావా ఇంకా పాతది, మడగాస్కర్ మన నుంచి విడిపోయిన కాలం నాటిది. పంగిడిలో మీకు దొరికేది నేలని నిలువునా కోసి చూపించిన గోడ. అదీ ఎన్నాళ్ళుంటుందో, నేను ఆడుకున్న అంచు ఇప్పటికే కంకరైపోయింది.

వెళ్తే ముందు క్వారీ వాళ్ళని అడిగి, బ్లాస్టింగ్ లేని వేళ చూసుకోండి. గోడ కిందికి పోవద్దు, దూరం నుంచే పొరలు తెలుస్తాయి. వదిలేసిన గుంతల్లో నీళ్ళు పచ్చగా, తేటగా, ఈతకి రమ్మన్నట్టు ఉంటాయి. అంచు దిగగానే నిలువులోతు, పిల్లల్ని అసలు దింపకండి. బూట్లు తప్పనిసరి. చెప్పుల్తో వెళ్ళి తెచ్చుకున్న మచ్చ నా మోకాలి మీద ఇంకా ఉంది. పారేసిన రాళ్ళ కుప్పల్లో తెల్లరాయి ముక్క దొరికితే తడిపి చూడండి, గుల్లలు తేలి కనిపిస్తాయి. సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి. మేమైతే ఉమ్మితోనే కానిచ్చేసేవాళ్ళం.