1976 బ్రిటన్ ఎండలా? అప్పుడు నేను అక్కడే ఉన్నాను

"బ్రిటన్‌లో 1976 వేసవి గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. మహా అయితే 35 డిగ్రీలు. మనకి అది ఏప్రిల్ ఎండ. అంత గొప్పేముంది? అప్పుడు అక్కడ చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళెవరైనా చెప్పగలరా?" అని అడిగారు.

నేనున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్న సౌత్ వేల్స్‌లో, బొగ్గు గనుల లోయల్లోని ఒక చిన్న ఊళ్ళో డాక్టరు. ఆ రోజుల్లో ఆ లోయల్లో ఎక్కడ చూసినా మన దేశపు డాక్టర్లే కనిపించేవారు. 1979లో విజయవాడ వచ్చేశాం.

మీరడిగిన ప్రశ్నే మా అమ్మ కూడా అడిగింది. అమ్మది తెనాలి. "దీన్ని ఎండంటారా వీళ్ళు?" అని నవ్వేది. జూన్ 23 నుంచి జులై 7 దాకా వరసగా 15 రోజులు ఇంగ్లండులో ఎక్కడో ఒకచోట 32 డిగ్రీలు తాకుతూనే ఉంది. జులై 3న చెల్టెన్‌హామ్‌లో 35.9 వచ్చింది, ఆ వేసవికి అదే ఎక్కువ. అంకె చూస్తే మనకి నవ్వే వస్తుంది. కానీ ఆ అంకెని మనం మన ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. అక్కడి ఇళ్ళు వేడి బయటికి పోకుండా కట్టినవి. ఫ్యానుండదు, కిటికీ జానెడు తెరుచుకుంటే గొప్ప, నేలంతా తివాచీ. నా గది పైకప్పు కిందే. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే, ఇక నిద్రెక్కడిది? నాన్న డ్యూటీ నుంచి వచ్చి, ముసలివాళ్ళు ఎలా సొమ్మసిల్లిపోతున్నారో చెప్పాక అమ్మ ఆ నవ్వు మానేసింది.

అసలు సంగతి ఎండ కాదు, నీళ్ళు. 1975 వేసవిలోనూ వానల్లేవు, తర్వాత చలికాలంలోనూ సరిగా పడలేదు. 76 వేసవి వచ్చేసరికి జలాశయాలు అడుగంటి మట్టి పగుళ్ళు తేలింది. వేల్స్ అంటేనే వాన. అలాంటి చోట నీళ్ళు లేకపోవడమేమిటని జనానికి మహా ఉక్రోషం. దానికి తోడు, వేల్స్ కొండల్లోని ఎలాన్ జలాశయాల నుంచి బర్మింగ్‌హామ్‌కి 1904 నుంచీ నీళ్ళు పోతున్నాయి. "మా నీళ్ళు వాళ్ళకి, మాకు ఎండిన కుళాయిలా" అని నాన్న పేషెంట్లు రుసరుసలాడేవారట. ఆగస్టు 6న పార్లమెంటు కరువు చట్టం చేసింది. ఆ నెలలో మాకు సాయంత్రమైతే కుళాయి కట్టేసేవారు, మళ్ళీ పొద్దున్నే రావడం. ఇంకొన్ని ఊళ్ళలో అయితే వీధిలో స్టాండుపైపు పెట్టి, అక్కడికొచ్చి పట్టుకోమన్నారు.

ఇక్కడ మా అమ్మ రంగంలోకి దిగింది. అంతకుముందు ఆరేళ్ళు ఆ దేశంలో అమ్మకి ఏదీ తెలియదనే పేరు. పొయ్యిలో బొగ్గు అంటించడం పక్కింటావిడే నేర్పింది, బస్సులో చిల్లర లెక్కపెట్టడం నేను నేర్పాను. కుళాయిలు కట్టేయడంతో కథ తిరగబడింది. కుళాయి రాకుండా రోజు గడపడం అమ్మకి పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఉన్న గిన్నెలన్నీ నింపి మూతలు పెట్టేది. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి, బట్టలు ఉతికిన నీళ్ళు బాత్‌రూముకి. ఫ్లష్ తొట్టిలో ఇటుక పెడితే నీళ్ళు మిగులుతాయని ఊరంతా ఇటుకలు వెతుక్కుంటుంటే, పక్కింటావిడ మా ఇంటికొచ్చి వేరే సంగతి అడిగింది. టబ్బు నింపకుండా మీరంతా ఎలా స్నానం చేస్తున్నారని. అమ్మ బకెట్టు, చెంబు తెచ్చి చూపించింది, బట్టల మీదే, నీళ్ళు లేకుండా, ఉత్త చెంబుతో. ఆవిడ శ్రద్ధగా చూసి, "వెనక్కి ఎలా?" అని అడగడం నాకింకా గుర్తే.

అప్పుడే "నీళ్ళు ఆదా చేయండి, స్నేహితులతో కలిసి స్నానం చేయండి" అనే నినాదం దేశమంతా తిరుగుతోంది. నాన్న దాన్ని అమ్మకి తెలుగులో చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది.

అమ్మకి వచ్చిన రెండో ఆలోచన వడియాలు. ఇంత ఎండ ఉత్తినే పోతోందే అని ఆవిడ బాధ. మినప్పప్పు కావాలంటే కార్డిఫ్ వెళ్ళాలి. కానీ సగ్గుబియ్యం మా వీధి చివరి కొట్లోనే దొరికేది. వాళ్ళు దాన్ని పాలల్లో ఉడికించి పుడ్డింగు చేస్తారు, స్కూల్లో మధ్యాహ్నం భోజనంలో పెడితే పిల్లలంతా కప్పగుడ్లు అని మొహం తిప్పుకునేవాళ్ళు. అమ్మ అదే సగ్గుబియ్యం ఉడికించి, ఉప్పూ కారం వేసి, పాత చీర మీద గరిటెతో పెట్టి, బొగ్గుల కొట్టు రేకు మీద ఆరబెట్టింది. రెండు రోజుల్లో గలగలలాడాయి. వేల్స్‌లో ఎవరైనా అంతకుముందు వడియాలు పెట్టారో లేదో కానీ, మా వీధిలో మాత్రం అదే మొదలు.

కాపలా డ్యూటీ నాది. కాకుల నుంచి కాదు, లేడీబర్డ్‌ల నుంచి. ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండే ఆ చిన్న పురుగులు ఆ ఏడు దేశం మీద పడ్డాయి. ముందు పేనుబంక బాగా పెరిగి, దాన్ని తిని ఇవి పెరిగాయి. ఎండకి మొక్కలు మాడాక తిండీ లేదు, తడీ లేదు, చెమట కోసం మనుషుల మీద వాలి కొరికేవి కూడా. దక్షిణ తీరంలోనూ తూర్పు తీరంలోనూ మరీ ఘోరమట. మా దగ్గర అంత లేకపోయినా, తడి వడియం మీద పది వాలితే చాలదా? ఎండాక ఎర్ర చుక్క కనిపిస్తే అది కారమా, పురుగా అని నాన్న ప్రతి వడియాన్నీ లైటు కింద పెట్టి చూసేవారు.

మిగతా పిల్లలకి ఆ వేసవి అంటే తారు. రోడ్డు మీద తారు బుడగలు లేస్తే, తిన్న ఐస్ పుల్లతో పొడవడం మా ఆట. కాళ్ళకి అంటిన తారు వదలడానికి పక్కింటావిడ వెన్న రాసింది. అది చూసి అమ్మకి ప్రాణం పోయినంత పనైంది, తారుకి కాదు, వెన్నకి.

నాన్నకి మాత్రం ఆ వేసవి అంటే క్రికెట్. వెస్టిండీస్‌ని సాష్టాంగపడేలా చేస్తామని ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ ముందే నోరు జారాడు. వాళ్ళు 3-0తో సిరీస్ పట్టుకుపోయారు. ఓవల్‌లో రిచర్డ్స్ 291 కొట్టాడు, హోల్డింగ్ 14 వికెట్లు తీశాడు. గడ్డి మాడి మైదానం గోధుమ రంగులో ఉందని తర్వాత ఫొటోల్లో చూశాను. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ.

ఆగస్టు ఆఖర్లో ప్రభుత్వం డెనిస్ హావెల్ అనే ఆయన్ని కరువు మంత్రిని చేసింది. రోజులు తిరగకుండానే ఉరుములు, వాన. ఆయనకి వానల మంత్రి అని పేరొచ్చింది, పాపం.

ఆ వాన మా ఊళ్ళో మధ్యాహ్నం పడింది. వీధి వీధంతా బయటికొచ్చేసింది. పెద్దవాళ్ళు చేతులు చాచి నిలబడ్డారు, గనిలో పనిచేసే ఒకాయన చొక్కా విప్పేసి గెంతాడు, పక్కింటావిడ చెప్పులు కూడా వేసుకోకుండా మా తలుపు కొట్టి రమ్మని కేకేసింది. అమ్మ పరిగెత్తింది, కానీ వీధిలోకి కాదు, పెరట్లోకి. "నా వడియాలో!" అని అరుస్తూ. అప్పటికే ఆలస్యమైపోయింది. పొద్దున పెట్టినవన్నీ కరిగి ఒకే ముద్దయ్యాయి. ఆ చీరని ఎన్నిసార్లు ఉతికినా గంజి పెట్టినట్టు బిరుసుగానే ఉండేది. విజయవాడ వచ్చాక కూడా అమ్మ దాన్నే పరిచి వడియాలు పెట్టేది.