సూది గుచ్చే ముందు చెప్పవలసిన మాటలు

నేను అల్లోపతి చదివిన డాక్టరును. నొప్పులతో వచ్చేవారికి మాత్రలు కాక ఇంకేమైనా చేయగలనా అని వెతుక్కుంటూ వెళ్ళి, సన్నని సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం ఆక్యుపంక్చర్ నేర్చుకున్నాను. సూది పట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈసారి పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సూదుల గురించీ చైనా మూలికల గురించే. వాటిలో ఒకదానికి జవాబు అచ్చయ్యేదాకా ఆగలేక ఫోనులోనే చెప్పాను. ముందు ఆ ఉత్తరమే చూద్దాం.

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్ళు. ఆరేళ్ళుగా నడుము నొప్పి. పది రోజులుగా ఎడమ కాలు మొద్దుబారుతోంది. సూదులు వేయించుకుంటే నరాలు తెరుచుకుంటాయని తెలిసినవారు చెప్పారు. ఎన్నిసార్లు వేయించుకోవాలి? మరో మాట, రెండు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదు.

జవాబు: ఆ చివరి వాక్యాన్ని మీరు సంతకం కింద, చిన్న అక్షరాలతో రాశారు. నన్ను కంగారు పెట్టింది అదే. వెన్నెముక అడుగున ఉండే నరాల కట్ట నలిగినప్పుడు కాలు మొద్దుబారుతుంది, కాలిలో బలం తగ్గుతుంది, కూర్చునే చోట స్పర్శ తెలియదు, మలమూత్రాల మీద పట్టు తప్పుతుంది. అప్పుడు లెక్క గంటల్లో ఉంటుంది, వారాల్లో కాదు. ఆలస్యమైతే ఆ నష్టం జీవితాంతం ఉండిపోవచ్చు. ఒక్క సూది కూడా వద్దు, ఈ పూటే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి అని మీకు ఫోనులో చెప్పిందే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. ఇదే బాధతో ఉన్నవారు మరొకరు ఈ పేజీ చదువుతూ ఉండవచ్చు.

ప్రశ్న: నెలకు ఆరేడుసార్లు మైగ్రేన్ వస్తుంది. వచ్చిన రోజు చీకటి గదిలో పడుకోవడం తప్ప ఏ పనీ చేయలేను. ఆక్యుపంక్చర్ నిజంగా పనిచేస్తుందా, లేక అది నమ్మకం వల్ల కలిగే ఉపశమనమేనా? అసలు అక్కడ ఏం చేస్తారు?

జవాబు: అమ్మా, రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. మొదటిరోజు నా దగ్గర సగం సమయం మాటలతోనే గడిచిపోతుంది. నొప్పి ఏ పక్కన మొదలవుతుంది, వాంతి అవుతుందా, నెలసరితో సంబంధం ఉందా, నిద్ర ఎలా ఉంది అని అడుగుతాను. అన్నిటికన్నా ముఖ్యంగా, నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకుంటున్నారో లెక్కపెట్టిస్తాను. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, మైగ్రేన్‌కు ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ల వంటివి పది రోజులు, మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. అలాంటివారికి ముందు మాత్రల సంగతి సరిచేయకుండా ఎన్ని సూదులు వేసినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

ఆ తరువాత సూది. ఇది ఇంజెక్షన్ సూది కాదు. మధ్యలో రంధ్రం ఉండదు, మందు ఉండదు, మందం పావు మిల్లీమీటరుకు అటూఇటూ. సూది గుచ్చే చోట్లను బిందువులంటాం. మైగ్రేన్‌కు నేను తరచు తీసుకునేవి మూడు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ, మెడ వెనక పుర్రె అంచుకు కింద ఉండే గుంట, పాదం మీద మొదటి రెండు వేళ్ళ ఎముకలు కలిసే చోటికి ముందుండే పల్లం. సూది చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినంత చురుక్కుమంటుంది. దాన్ని మెల్లగా తిప్పుతూ లోపలికి పంపుతుంటే ఒకచోట కండ సూదిని పట్టుకుంటుంది. ఆ పట్టు నా వేళ్ళకు తెలుస్తుంది. అదే క్షణంలో పడుకున్నవారు బరువుగా ఉందనో, జివ్వుమంటోందనో అంటారు. చైనా గురువులు దీన్ని ‘దె చీ’ అంటారు, చేప గాలం మింగినట్టు అని పోలుస్తారు. ఇన్నేళ్ళలో అంతకన్నా సరైన పోలిక నాకు దొరకలేదు. సూదులు అలాగే ఉంచి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుకోబెడతాం.

ఇక నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్న. కొక్రేన్ సంస్థ 2016లో దాదాపు 5,000 మంది పాల్గొన్న 22 పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. ఆక్యుపంక్చర్ చేయించుకున్నవారిలో 41 శాతం మందికి నొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గాయి. చేయించుకోనివారిలో అలా తగ్గింది 17 శాతం మందికే. ఇది చిన్న తేడా కాదు. కానీ ఆ నివేదికలో రెండో సంగతి కూడా ఉంది. అసలు సూదులను ఉత్తుత్తి సూదులతో, అంటే బిందువులు కాని చోట గుచ్చినవాటితో, చర్మం దాటని వాటితో పోల్చి చూసిన పరీక్షల్లో అసలువాటితో 50 శాతం మందికి, ఉత్తుత్తివాటితో 41 శాతం మందికి నొప్పి వచ్చే రోజులు సగమయ్యాయి. తేడా ఉంది, కానీ చిన్నది. అంటే మీకు కలిగే మేలులో పెద్ద భాగం బిందువు కచ్చితత్వం నుంచి రావడం లేదు. అరగంట నిశ్చలంగా పడుకోవడం, ఒకరు మీ బాధను శ్రద్ధగా వినడం, తగ్గుతుందన్న ఆశ, చర్మం మీద పడిన ఆ స్పర్శ, ఇవన్నీ అందులో ఉన్నాయి. దీన్ని రోగుల దగ్గర దాచడం నాకు ఇష్టం ఉండదు. దాచకుండా చెప్పినా చాలామంది చేయించుకుంటామనే అంటారు, నెలలో మూడు రోజులు తిరిగి దక్కితే వాళ్ళకు అదే పదివేలు.

‘చీ’ అనే ప్రాణశక్తి మెరిడియన్లు అనే దారుల్లో ప్రవహిస్తుందని, బిందువులు ఆ దారిలో మలుపులని చైనా వైద్యం చెబుతుంది. సంప్రదాయంలో లెక్క 361 బిందువులు. శరీరాన్ని కోసి చూసినవారెవరికీ ఆ దారులు కనబడలేదు. నేను వాటిని పటంలో గీతల్లా వాడుకుంటాను, నరాల్లా కాదు.

మీకు నా సలహా: ఈరోజు నుంచే ఒక కాగితం మీద నొప్పి వచ్చిన రోజు, వేసుకున్న మాత్ర రాసుకోండి. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాల్లో మైగ్రేన్ నివారణకు అయిదు నుంచి ఎనిమిది వారాల్లో పదిసార్ల వరకు వేయించుకోవచ్చని ఉంది. నేనైతే ఆరుసార్ల తరువాత ఆ కాగితం ముందు పెట్టుకుని చూస్తాను. ఆ రాతల్లో తేడా లేకపోతే నేనే ఆపేస్తాను. డాక్టరు ఇచ్చిన నివారణ మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానవద్దు.

ప్రశ్న: డెబ్బై ఏళ్ళ మా నాన్నగారికి భుజం నొప్పి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. సూదులు వేయించవచ్చా? ప్రమాదం ఉంటుందా?

జవాబు: వార్ఫరిన్ మాట, గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఆ మాట, సూది వేసేవారికి ముందే చెప్పాలి. ఇటీవలి రక్తపరీక్షలో, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్ఆర్ హద్దులో ఉంటే పైపైన వేయవచ్చు, లోతుగా కాదు. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదులకు కరెంటు తగిలించే పద్ధతి వద్దు. సూదుల పొట్లం మీ కళ్ళ ముందే విప్పాలి, వాడినవి మీ కళ్ళ ముందే పారేయాలి. జర్మనీలో 2,29,230 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. అందులో ఎక్కువ భాగం కాస్త రక్తం రావడం, చర్మం కమిలిపోవడం. ఊపిరితిత్తికి గుచ్చుకుని గాలి చేరింది ఇద్దరికి. అరుదే, కానీ భుజం, మెడ, ఛాతీ ప్రాంతంలో సూది వేసిన తరువాత ఆయాసం వస్తే ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నేను పని మొదలుపెట్టిన ఏడాది ఒక కుర్రవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మెడకు సూదులు వేశాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అతను చెప్పలేదు, నేను అడగలేదు. రెండు నిమిషాల్లో ముఖం తెల్లబడి, చెమటలు పట్టి, నా చేతుల్లోకి ఒరిగిపోయాడు. సూదులు తీసి, నేల మీద పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తితే తేరుకున్నాడు. ఆ రోజు నుంచి మొదటిసారి వచ్చినవారికి పడుకోబెట్టే సూది వేస్తున్నాను, తిని వచ్చారా అని అడగకుండా సూది పట్టడం లేదు. నాన్నగారికీ ఏదైనా తినిపించి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: మోకాళ్ళ నొప్పులకు మూడు నెలలుగా చైనా మూలికల పొడి వాడుతున్నాను. నొప్పి మాయమైంది. అయితే పాదాలు వాస్తున్నాయి, ఎప్పుడూ లేని బీపీ వచ్చింది. మా డాక్టరుకు పొడి సంగతి చెప్పలేదు, కోప్పడతారని భయం. వేల ఏళ్ళుగా వాడుతున్న ప్రకృతి మందు కదా, దానివల్ల హాని ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. పనిచేసే మందు ఏదైనా హాని కూడా చేయగలదు. పొడి పని చేస్తోందంటే అందులో ఏదో ఉంది. అదేమిటో తెలియాలి.

మొదటి అనుమానం అతిమధురం. చైనా వైద్యంలో లెక్కలేనన్ని మందు మిశ్రమాల్లో, మిగతా మూలికలను కలిపి ఉంచేదిగా దీన్ని వేస్తారు. రోజూ ఎక్కువ మోతాదులో పడితే శరీరం ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకుంటుంది, పొటాషియం పోతుంది. పాదాల వాపు, బీపీ, మీరు రాసిన రెండూ దానికి సరిపోతాయి. రెండో అనుమానం ఇంకా చెడ్డది. పేరూ పాళ్ళూ రాయని నొప్పి పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల మందులు కలిపి అమ్మిన ఉదంతాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. మోకాలి అరుగుదల నొప్పి ఉన్నట్టుండి మాయమైందంటే నాకు సంతోషం కన్నా ముందు ఆ ఆలోచనే వస్తుంది. స్టెరాయిడ్ అయితే ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. కాబట్టి ఇంట్లో కూర్చుని నిర్ణయం తీసుకోకండి. రేపే పొట్లం చేత్తో పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బీపీ చూసి, రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. కోప్పడితే పడనివ్వండి. తెలియకుండా వైద్యం చేయడం కన్నా తెలిసి కోప్పడే డాక్టరే మీకు మేలు.

వేల ఏళ్ళ అనుభవం అన్నారు. దానికి రెండు సంగతులు చెబుతాను. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిపిన గుళికలు వాడినవారిలో వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి తరువాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. ఫాంగ్‌జీ అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు ఉంది. ఒకదాని బదులు రెండోది కలిసింది. ఆ రెండోదానిలో మూత్రపిండాలను దెబ్బతీసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. అలాంటి మొక్కలను తరతరాలు వాడారు. తాగిన మరునాడు వచ్చే వాంతిని ఏ వైద్యుడైనా కనిపెడతాడు. ఏళ్ళ తరువాత వచ్చే జబ్బుకు కారణం ఆనాటి కషాయమేనని లెక్కలు రాసి పెట్టుకోనిదే ఎంత అనుభవమున్నా తెలియదు.

రెండోది మంచి కథ. తూ యూయూ అనే చైనా శాస్త్రవేత్త మలేరియా మందు కోసం పాత గ్రంథాలు తిరగేస్తుండగా, నాలుగో శతాబ్దపు గే హోంగ్ రాసిన చికిత్సల పుస్తకంలో ఒక వాక్యం దొరికింది. చింగ్‌హావ్ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి అసలు గుణం పోతోందేమో అని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించారు. ఆ తరువాత ఆమే, తోటివారూ ముందుగా తాము మింగి చూసుకుని అప్పుడు రోగులకిచ్చారు. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పాత వాక్యాన్ని గౌరవించడమంటే నా దృష్టిలో ఆమె చేసిన పని. మీ పొడి తయారుచేసినవారు పొట్లం మీద మూలికల పేర్లు రాయడానికి కూడా సిద్ధపడలేదు.

పై ఉత్తరంలో వార్ఫరిన్ వాడుతున్నవారి కుటుంబానికి కూడా ఇక్కడే ఒక మాట: చైనా మూలికల్లో దాన్‌షెన్, దాంగ్‌గ్వే ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయగలవు. సూది వేయించండి, మూలికలు మాత్రం వద్దు.

ప్రశ్న: రెండుసార్లు ఐవీఎఫ్ ఫలించలేదు. మూడోసారి పిండాన్ని ప్రవేశపెట్టే రోజున ఆక్యుపంక్చర్ చేయించుకుంటే తప్పక నిలుస్తుందని ఒకచోట చెప్పారు. చేయించుకోమంటారా?

జవాబు: తప్పక అన్న మాట మీతో ఎవరన్నా నాకు బాధగా ఉంటుంది. 2018లో ప్రచురితమైన పరీక్షలో 848 మంది స్త్రీలలో బిడ్డ పుట్టినవారు అసలు సూదులు వేసినవైపు 18.3 శాతం, ఉత్తుత్తి సూదులు వేసినవైపు 17.8 శాతం. అంటే తేడా లేదు. ఎదురుచూపులో నిద్ర పట్టక, మనసు నిలవక ఉంటే, ఆ అరగంట విశ్రాంతి కోసం చేయించుకోండి, నేను కాదనను. కానీ అది చేయించుకోలేదు కాబట్టి పోయిందని రేపు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఆ రెండుసార్లూ మీ తప్పు లేదు.

ప్రశ్న: బస్సు ఎక్కితే వికారం. మణికట్టు దగ్గర నొక్కితే తగ్గుతుందంటారు. ఎక్కడ నొక్కాలి?

జవాబు: అరచేయి పైకి పెట్టండి. మణికట్టు మడత మీద రెండో చేతి మూడు వేళ్ళు అడ్డంగా ఆనించండి. మూడో వేలు ముగిసే చోట, పిడికిలి బిగిస్తే తేలే రెండు తీగల లాంటి నరాల మధ్య గుంట ఉంటుంది. దాన్ని ‘నైగ్వాన్’ అంటారు. వైద్యభాషలో ఆ తీగలు స్నాయువులు, నరాలు కావు, కానీ అందరూ నరాలనే అంటారు. బొటనవేలితో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి, రెండో చేతికీ అలాగే చేయండి. ఆపరేషన్ తరువాత వచ్చే వికారానికి ఈ బిందువు ఉపయోగపడుతుందని చాలా పరీక్షలు చెబుతున్నాయి. ప్రయాణపు వికారానికి ఫలితాలు ఒకే తీరుగా లేవు. ఖర్చు లేదు, హాని లేదు కాబట్టి చేసి చూడండి. బస్సు కదిలాక కాదు, ఎక్కే ముందే మొదలుపెట్టండి.