రెండో గడిలో ఎవరి నంబరు రాస్తారు?

అమెరికాలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మీరు అడిగిన ప్రశ్న చిన్నదే. దొంగల అలారం మోగినప్పుడు అలారం కంపెనీ పర్యవేక్షణ కేంద్రం వారు ఇంట్లోని కెమెరా చూసి నిర్ధారించుకునే సేవకు నెలనెలా అదనంగా డబ్బు కట్టడం అవసరమా అన్నారు. అవసరమే. ఆ ఒక్క మాటతో ముగించవచ్చు గానీ, నా అనుభవం చెప్పకపోతే మీరు నమ్మరు. ఫోనులో యాప్ ఉంటే చాలు, ఇల్లు అరచేతిలో ఉన్నట్టేనని మీ వయసు వారి ధీమా.

మా మొదటి ఇంటికి అలారం బిగించిన కుర్రవాడు ఒక కాగితం చేతికిచ్చి, అలారం మోగితే వరుసగా ఎవరెవరికి ఫోన్ చేయాలో రాయమన్నాడు. మొదటి గడిలో నా సెల్ నంబరు రాశాను. రెండో గడి దగ్గర కలం ఆగిపోయింది. ఆ ఊరికి వచ్చి ఏడు నెలలైనా, పక్కింటివారి పేరేమిటో కూడా మాకు తెలియదు. చివరికి ఆఫీసులో నా బల్ల మీదున్న ఫోన్ నంబరే రాసి, పెద్ద తెలివి చూపించానని మురిసిపోయాను.

ఆ శీతకాలం మా అమ్మాయి పుట్టినరోజుకు తెచ్చిన వెండి రంగు గాలిబుడగ ఒకటి హాల్లో పైకప్పుకు ఆనుకుని ఉండిపోయింది. మేము కొండ ప్రాంతానికి రెండు రోజుల విహారానికి వెళ్లాము. ఆ రాత్రి హీటరు గాలికి అది ఊగుతూ మోషన్ సెన్సరు ముందుకు వచ్చింది. ఆ సెన్సరుకు మనిషీ తెలియదు, బుడగా తెలియదు. తన ఎదుట ఉన్న మేరలో వేడి తీరు చప్పున మారితే మోగడమే దాని పని. కంపెనీ వారు నా సెల్‌కు చేస్తే కొండల్లో సిగ్నల్ లేదు, రెండో నంబరుకు చేస్తే అర్ధరాత్రి ఖాళీ ఆఫీసులో గంట మోగింది. పోలీసులు వచ్చి, ఇంటి చుట్టూ తిరిగి, తలుపుకు ఒక చీటీ అంటించి వెళ్లారు. కారణం బుడగని నాకు తట్టలేదు కనుక అదే నెలలో అది మరో రెండు సార్లు వారిని రప్పించింది. మూడోసారికి జరిమానా ఉత్తరం వచ్చింది, అందులోనే అలారానికి నగరం అనుమతి తీసుకోనందుకు మరికొంత వడ్డించారు. ఈ నియమాలు నగరానికొక తీరుగా ఉంటాయి కనుక మీవి మీ నగరం వెబ్‌సైటులో చూసుకోండి. తగ్గించమని అడగడానికి వెళితే కౌంటరులో ఉన్న ఆవిడ మర్యాదగానే, "మీ ఇంటి దగ్గర మీకు తెలిసినవారు ఒక్కరైనా లేరా?" అని అడిగింది. ఎంత కట్టానో మరిచిపోయాను గానీ ఆ ప్రశ్న మరిచిపోలేదు.

రెండోది ఇంతకంటే గడ్డు సంగతి. మా రెండో బిడ్డ కాన్పుకు అమ్మానాన్నలు వచ్చిన వారంలోనే మేము రాత్రికి రాత్రి ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. నిద్ర కుదరని అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి గాలి కోసం పెరటి తలుపు తీసింది. సైరన్ మొదలైంది. కంపెనీ వారి ఫోన్ మోగుతూంటే, దాన్ని ముట్టుకుంటే మోత ఇంకా పెరుగుతుందేమోనని ఆమె దగ్గరకే వెళ్లలేదు. కాసేపటికి ఇద్దరు పోలీసులు టార్చిలైట్లతో గుమ్మం ముందు నిలబడి చేతులు కనబడేలా ఉంచమన్నారు. నాన్నగారికి అది అర్థం కాలేదు. మర్యాదస్తుడు కదా, పాస్‌పోర్టు చూపించడం ధర్మమనుకుని వెనక్కి తిరిగి గదిలోకి నడవబోయారు. వాళ్లు కేక వేశారు, ఆయన ఆగిపోయారు, అంతటితో సరిపోయింది. ఆయన ఆగకపోయి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఆ తరువాతే నేను వీడియో పెట్టించాను. సెన్సరు మోగగానే దానితో జతపడిన కెమెరా కొద్ది సెకన్ల దృశ్యాన్ని పర్యవేక్షణ కేంద్రానికి పంపుతుంది, అక్కడ కూర్చున్న మనిషి దాన్ని చూస్తాడు. బుడగైతే అక్కడితో సరి. తెల్ల జుట్టుతో శాలువా కప్పుకున్న పెద్దావిడ లోపలి నుంచి గడియ తీస్తూ కనిపిస్తే, కబురు పోలీసులకు వెళ్లినా ఆ వివరంతో సహా వెళుతుంది. ఇప్పుడు దీనికొక కొలమానం కూడా ఉంది. ఒక్కో అలారానికి తీవ్రతను బట్టి అంకె వేసే ఏవీఎస్-01 అనే ప్రమాణంలో 0 అంటే పోలీసులను పిలవనక్కరలేదని, 4 అంటే ప్రాణాలకు ముప్పు ఉన్నట్టుందని అర్థం. నా మటుకు నాకు ఇది కూలికి దొరికే పొరుగింటి కన్ను. పొరుగు ఉన్నవారికి ఇది సౌకర్యం కావచ్చు, కొత్తగా వచ్చిన మీకు మాత్రం అవసరం.

పోలీసులు విసిగిపోయారంటే వారి తప్పు లేదు. అమెరికా న్యాయశాఖ ప్రచురించిన మార్గదర్శిని ప్రకారం 2002లో ఈ దేశంలో పోలీసులు సుమారు 3.6 కోట్ల అలారాలకు పరుగెత్తారు, అందులో నూటికి 94 నుంచి 98 వరకు ఉత్తవే. సాల్ట్ లేక్ సిటీ 2000 డిసెంబరు నుంచే, ఎవరైనా చూసి నిర్ధారిస్తే తప్ప దొంగల అలారానికి పోలీసులను పంపనంది. సియాటిల్ 2024 అక్టోబరు 1 నుంచి వీడియో గానీ, శబ్దం గానీ, కళ్లతో చూసిన సాక్షి గానీ ఉండాలంటోంది. సాక్షి అనగానే నాకు మళ్లీ ఆ రెండో గడే గుర్తుకొస్తుంది. ప్రమాదంలో ఉన్న మనిషి తానే నొక్కే అత్యవసర బటన్‌కు మాత్రం అక్కడ ఈ సాక్ష్యం పేచీ లేదు.

గుమ్మం దగ్గర కెమెరా ఉంది, ఫోనులో చూసుకుంటాను అంటారేమో. అది నిర్ధారణ కాదు, మీరు చూస్తేనే అది చూసినట్టు. ఇండియా విమానంలో సగం రోజుకు పైగా కూర్చున్నప్పుడు మీ తరఫున చూసేదెవరు?

ఇంట్లో కెమెరా ఏమిటన్న మీ శ్రీమతి గారి అభ్యంతరం సబబైనదే. పడక గదుల్లో కెమెరా అక్కరలేదు. ముందు తలుపు, పెరటి తలుపు, మెట్ల మొదలు కనిపిస్తే దాదాపు సరిపోతుంది. అలారం పెట్టిన వేళల్లో మోగితేనే దృశ్యం బయటికి వెళ్లేలా చేయమని అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి. మాటలు కూడా రికార్డయ్యే పక్షంలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో మాట్లాడేవారందరి సమ్మతి కావాలని చట్టం ఉంది. హీటరు గాలి వచ్చే చోటుకు ఎదురుగా సెన్సరు పెట్టనివ్వకండి. కెమెరా లేని గదిలో అద్దం పగిలితే కేంద్రం వారికి కనిపించేదేమీ ఉండదు కనుక, అప్పుడు వారికి మిగిలేది మళ్లీ ఆ కాగితమే.

మా కాగితంలో ఇప్పుడు రెండో నంబరు ఎదురింటి ఆవిడది. ఆ తెల్లవారుజామున కిటికీ తెర పక్కకు జరిపి అంతా చూసిందట. క్షమాపణ చెప్పడానికి వెళితే, తన నంబరు తానే రాసి ఇచ్చింది. మీరు మాత్రం రెండో గడిలో మీ శ్రీమతి గారి నంబరు రాయకండి. ఇండియా వెళ్లేటప్పుడు ఇద్దరూ ఒకే విమానంలో ఉంటారు.