ధర్మాబాద్ నుంచి ముంబై ఆర్కెస్ట్రా బారుకు: ముందే తేల్చుకోవాల్సినవి

అడిగింది ఇదీ: "మేం ధర్మాబాద్ వాళ్లం, నలుగురం, 22 నుంచి 26 ఏళ్ల మధ్య. మావాడికి పెళ్లి కుదిరింది, ముంబై వైపు రాత్రి పాటలు, డ్యాన్సు ఉండే బారుకు పోదామంటున్నాడు. ఎవరం ఎప్పుడూ పోలేదు. లోపల ఎట్లుంటది, ఎంత అవుతది, ఎక్కడ మోసపోతాం?"

తమ్ముడూ, ముందు మీరు పోయేది ఎలాంటి చోటో తేల్చుకోండి. బోర్డు మీద అన్నీ బార్ అండ్ రెస్టారెంట్లే, లోపల మాత్రం మూడు రకాలు. మొదటిది ఆర్కెస్ట్రా బారు: స్టేజీ మీద కీబోర్డు, ఆక్టోప్యాడ్, ఢోలక్, ఇద్దరు ముగ్గురు గాయకులు. అక్కడ లైసెన్సు పాటకూ వాయిద్యానికే, డ్యాన్సుకు కాదు. రెండోది డ్యాన్సుకు విడిగా లైసెన్సు తీసుకున్న బారు. మూడోది పబ్బు, అక్కడ డీజే పాటలు పెడతాడు, డ్యాన్సు చేసేది మీరే. ఆర్కెస్ట్రా లైసెన్సు మీద లోపల డ్యాన్సు నడిపించే చోటే పోలీసు దాడులు ఎక్కువ. ఆ రాత్రి టేబుల్ దగ్గర కూర్చున్న గిరాకీల పేర్లు కూడా కేసులోకి ఎక్కుతాయి. అందుకే తలుపు దగ్గరే అడగండి: "పాటలేనా, డ్యాన్సు కూడానా? లైసెన్సు ఎక్కడ పెట్టారు?" లైసెన్సు ఉన్నవాళ్లు కౌంటర్ వెనక గోడకు తగిలిస్తారు. నసిగితే వెనక్కి తిరగండి, పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది.

ఈ బార్ల చట్టం చాలా మలుపులు తిరిగింది, అందుకే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. 2005లో మహారాష్ట్ర డ్యాన్స్ బార్లు మూయించింది. 2006లో బొంబాయి హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది, 2013లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2016లో కొత్త చట్టం వచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అందులోని కొన్ని షరతులు కొట్టేసి, కొన్ని ఉంచింది. ఉంచినవాటిలో మీకు పనికొచ్చేవి రెండు: డ్యాన్సు సాయంత్రం 6 నుంచి రాత్రి 11:30 వరకే. టిప్పు ఇవ్వొచ్చు గానీ నోట్లు విసరకూడదు, పైనుంచి చల్లకూడదు. ఆర్కెస్ట్రా స్టేజీ సంగతికొస్తే, ఒకప్పుడు నలుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు మించకూడదని లెక్క ఉండేది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఆడ మగ లెక్క తీసేసింది. ఇప్పుడు మొత్తం ఎనిమిది మంది కళాకారులు, అందులో ఎంతమంది ఎవరైనా కావచ్చు. స్టేజీ మీద అందరూ ఆడవాళ్లే కనిపిస్తే అది తప్పు కాదు.

వయసు విషయం మీ నలుగురిలో తేడా తెస్తుంది. తెలంగాణలో 21 నిండితే ఏదైనా తాగొచ్చు. మహారాష్ట్రలో బీరు, వైన్‌కు 21, విస్కీ, బ్రాందీ, రమ్ముకు 25. కాబట్టి మీలో 25 నిండనివాళ్లకు చట్టం ప్రకారం బీరు, వైన్ మాత్రమే. దీంతోపాటు తాగడానికి పర్మిట్ కూడా ఉండాలి. ఒక్కరోజుది 5 రూపాయలు, ఏడాదిది 100, జీవితకాలానిది 1,000. ఒక్కరోజు పర్మిట్ బారులోనే రాసిస్తారు, చాలాచోట్ల అడిగితేనే. అడిగి తీసుకుని జేబులో పెట్టుకోండి. ఆధార్ కార్డు అసలుదో, డిజిలాకర్‌లోదో ఉండాలి, వాట్సాప్‌లో పంపుకున్న ఫొటో చెల్లదు. తెలంగాణ వైపు కొన్న సీసాలు బ్యాగులో వేసుకుని పోవద్దు. వేరే రాష్ట్రం సరుకు పట్టుబడితే బారు బిల్లు కన్నా ఎన్నో రెట్లు వదులుతుంది.

ఇక బిల్లు. గొడవలు ఎక్కువ పుట్టేది ఇక్కడే, కారణం చాలామందికి బిల్లు చదవడం రాదు. తిండికి, కూల్‌డ్రింకుకు 5 శాతం జీఎస్టీ. మద్యం జీఎస్టీలోకి రాదు, దాని మీద వ్యాట్. పర్మిట్ రూముల్లో, అంటే కూర్చోబెట్టి మద్యం పోసే బార్లలో, ఆ వ్యాట్ 2023 నవంబరు 1 నుంచి 5 శాతం కాదు, 10 శాతం. ఉదాహరణకు చికెన్, పాపడ్, సలాడ్ కలిపి 2,000 అయింది, మద్యం 4,000 అయింది అనుకోండి. తిండి 2,100, మద్యం 4,400, మొత్తం 6,500. దాని కింద "సర్వీస్ ఛార్జ్ 10 శాతం" అని, పన్నులకు ముందున్న 6,000 మీద 600 కలిపితే అది మీరు ఇష్టపడితేనే ఇవ్వాలి. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. "యే హటా దో" అని నెమ్మదిగా చెప్పండి, చాలామంది తీసేస్తారు. తీయనంటే బిల్లు ఫొటో తీసుకుని, బయటికి వచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. లోపల గొంతు పెంచొద్దు.

నీళ్ల సీసా మీద ఎమ్మార్పీ కన్నా ఎక్కువ వేశాడని మాత్రం గొడవ పెట్టుకోవద్దు. హోటలు కూర్చోబెట్టి వడ్డిస్తుంది కాబట్టి ఎమ్మార్పీ దాటి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది.

అడగకుండా టేబుల్ మీదికి వచ్చే వేరుశెనగలు, పండ్ల ప్లేటు ఊరికే వచ్చినవి కావు. ముట్టకముందే "యే కాంప్లిమెంటరీ హై క్యా?" అని అడగండి. పెగ్గు చెప్పేటప్పుడు "స్మాల్" అంటే 30 మిల్లీలీటర్లు, "లార్జ్" అంటే 60. ఏమీ చెప్పకపోతే లార్జే పోస్తారు, బిల్లు రెట్టింపవుతుంది. పోసేటప్పుడు కొలత గ్లాసు కళ్లముందు ఉండాలి. ప్రతి రౌండ్‌కూ కేఓటీ (ఆర్డరు రాసుకునే చీటీ) నకలు అడగండి, లేదంటే మీలో తాగని ఒకడు ఫోన్‌లో రాసుకుంటూ పోవాలి. రాత్రి పదకొండు దాటాక "ఆరు రౌండ్లా, ఎనిమిదా" అనే లెక్క ఎవరికీ గుర్తుండదు.

యూపీఐ రోజువారీ పరిమితి ఇంటి దగ్గరే తగ్గించుకుని వెళ్లండి. కార్డు గీకేటప్పుడు యంత్రం మీద అంకె చూశాకే పిన్ కొట్టాలి. సున్నా ఎక్కువ పడిందని తర్వాత తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు వెంటనే చెప్పాలి.

టిప్పు గురించి విడిగా చెప్పాలి, ఇంటికొచ్చాక కడుపు మండేది దీని మీదే. కొన్నిచోట్ల వేటరే పది రూపాయల నోట్ల కట్టలు తెచ్చిస్తాడు, ఆ సొమ్ము బిల్లులో కలుస్తుంది. కట్ట విడగొట్టిచ్చినందుకు కమిషన్ కూడా కోస్తారు. పక్క టేబులువాడు ఇచ్చాడని మీరు, మీరిచ్చారని వాడు, పోటీ మొదలైతే గంటలో పెళ్లి బట్టల డబ్బు పోతుంది. టిప్పు డబ్బు బయలుదేరేముందే ఒక కవరులో విడిగా పెట్టుకోండి, అది అయిపోతే అయిపోయినట్టే. కట్టలు అప్పుగా తీసుకోవద్దు. నోటు విసిరితే 2016 చట్టం కింద జైలు, జరిమానా కూడా పడొచ్చు. పాట నచ్చితే స్టేజీ అంచున పళ్లెం ఉంటే అందులో పెట్టండి, లేదంటే చీటీతోపాటు మడిచి పంపండి. ఆమె చెయ్యి తగిలేలా ఇవ్వాలని చూడొద్దు.

ఆ స్టేజీ మీద పాడే ఆమె ఆ రాత్రి పాతిక పాటలు పాడుతుంది, ఏసీ గాలిలో, పొగలో, ముందు టేబుల్ అరుపుల మధ్య. అది ఆమె ఉద్యోగం. "తాయి" (మరాఠీలో అక్క) అనండి, "మ్యాడమ్" అనండి. ఫోన్ నంబరు అడగొద్దు, ఎక్కడి ఊరని అడగొద్దు, వీడియో తీయొద్దు. ఇంట్లోవాళ్లకు ఈ పని చెప్పుకోలేని ఆడవాళ్లు ఉంటారు, మీరు పెట్టిన పది సెకన్ల వీడియో వాళ్ల ఊరికి చేరుతుంది. ఈ ఒక్కటి మీ నలుగురూ మాటిచ్చుకుని వెళ్లండి.

పాట అడగడానికి ఒక పద్ధతి ఉంది, ఫర్మాయిష్ అంటారు. చీటీ మీద పాట మొదటి లైను, సినిమా పేరు, ఆడ గొంతా మగ గొంతా డ్యూయెట్టా, పెళ్లికొడుకు పేరు, ఇంతే హిందీ అక్షరాల్లో రాసి వేటర్ చేత పంపండి. తెలుగు పాట కావాలంటే మొదటి అరగంటలోనే ఇవ్వాలి. కీబోర్డు వాయించేవాడి పెన్‌డ్రైవ్‌లో ట్రాకులన్నీ హిందీ, మరాఠీవే ఉంటాయి. తెలుగు పాటకు స్కేలు వెతుక్కోవాలి, గాయనికి మాటలు ఫోన్‌లో దేవనాగరిలో రాసుకోవాలి. రాత్రి పదకొండుకు, అందరూ గంతులేసే నాన్‌స్టాప్ నడుస్తుండగా అడిగితే ఎవరూ ఆపరు. పాత మెలోడీలు ఎనిమిది, ఎనిమిదిన్నరకు బాగా పాడతారు, గొంతు అప్పుడే తాజాగా ఉంటుంది. పాట వినడానికి పోయేవాళ్లు ఏడున్నరకల్లా కూర్చోవాలి.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. స్టేజీ ముందు టేబుల్ గొప్ప అనుకుంటారు, అదే చెవులకు చేటు. అక్కడ టాప్ బాక్సు (పైన పెట్టే స్పీకరు) మనిషి తల ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94కు గంట, 100కు పావుగంట. మూసిన గదిలో డ్యాన్సు పాట మోగుతుంటే 100 దాటడం కష్టమేం కాదు. గది మూలల్లోనూ కూర్చోవద్దు, బేస్ అక్కడ పోగుపడి గుండెల మీద కొడుతుంది, మాటలు తెలియవు. స్టేజీకి ఎదురుగా గది మధ్య దాటి, రెండు బాక్సులకూ సమాన దూరంలో ఉన్న టేబుల్ అడగండి. మందుల షాపులో దొరికే మెత్తటి ఫోమ్ బిళ్లలను వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకుంటే శబ్దం బాగా తగ్గుతుంది. దూది పెట్టుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. బయటికొచ్చాక చెవిలో గుయ్యిమంటే దెబ్బ తగిలిందని అర్థం.

కూర్చోగానే రెండో దారి ఎటో చూడండి. 2017 డిసెంబరు 29న ముంబై కమలా మిల్స్ ఆవరణలోని పబ్బులో అర్ధరాత్రి దాటాక మంటలు లేచి 14 మంది చనిపోయారు. చాలామంది బాత్రూములోకి పరుగెత్తి పొగకు ఊపిరాడక పోయారు. పొగ కనిపిస్తే బాత్రూముకు పోవద్దు, బిల్లు గురించి, బ్యాగు గురించి ఆగొద్దు. వంగి నడుస్తూ, చెయ్యి గోడకు తగిలిస్తూ వచ్చిన దారికో రెండో దారికో పోవాలి. ఒక్కటే ఇరుకు మెట్లదారి ఉండి, కిటికీలన్నీ పలకలతో మూసేసిన గదైతే అసలు కూర్చోవద్దు.

పోలీసులు వస్తే పరుగు పెట్టొద్దు. దొడ్డిదారిన పంపిస్తామన్న వాళ్ల వెంట పోవద్దు. కూర్చుని, కార్డు, పర్మిట్ చూపించి, అడిగినదానికి నిజం చెప్పండి.

తాగిన లెక్క కూడా తెలిసి ఉండాలి. 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసాలో సుమారు 41 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులు. "బీరే కదా" అనే మాట ఇక్కడే మోసం చేస్తుంది. శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. రెండు సీసాలు తాగి రాత్రి పదకొండుకు ఆపితే పొద్దున ఏడుకు కూడా ఒంట్లో ఉండొచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, 10,000 జరిమానా లేదా రెండూ. స్నానం, కాఫీ, నిమ్మరసం ఏదీ దీన్ని తొందరపెట్టదు. ధర్మాబాద్ దాకా 600 కిలోమీటర్లు దాటుతుంది, కారు వద్దు. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌కు రానూ పోనూ టికెట్లు తీసుకోండి.

తిరుగు రైలు మర్నాటి రాత్రిది పెట్టుకోండి, ఆ రాత్రికి గది ముందే చూసుకోండి. 11:30కు డ్యాన్సు ఆపితే అందరూ ఒకేసారి రోడ్డు మీద పడతారు, ఆటోవాళ్లు చెప్పిందే రేటు. 11కే బిల్లు అడగండి. లోకల్ రైళ్లు సుమారు ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు ఉండవు. గ్లాసు వదిలి బయటికి పోయి వస్తే దాన్ని మళ్లీ తాగొద్దు. ఎవరైనా తల వాల్చేసి పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 112కు ఫోన్ చేయండి, నీళ్లు పోసి లేపాలని చూడొద్దు.

గడ్చిరోలి జిల్లా సిరొంచ వాళ్లు కూడా ఇక్కడ ఇదే అడుగుతుంటారు, వాళ్లకు ఒక్క మాట. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, అక్కడ బారే లేదు. చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధం 2021లో తీసేశారు. చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో కొన్న సీసా గడ్చిరోలిలోకి తెస్తే కేసే.

టికెట్లు తీసుకునే ముందు తేదీ కూడా చూసుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 మాత్రమే కాదు, మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశికీ అనంత చతుర్దశికీ కూడా మద్యం ఉండదు. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే 48 గంటల ముందు నుంచీ, లెక్కింపు రోజూ అంతే. మీరు అనుకుంటున్న తేదీ కింద రాయండి, డ్రై డే తగులుతుందేమో చూసి చెప్తాను.